రెండున్నర శ్రుతి

మా కావలిలో సినిమా పాటలు అర శ్రుతి పైన ఉండేవి. అన్నీ కాదు, మా చిన్నాయన కొట్లో రికార్డు చేయించుకున్నవి. ఊళ్ళో ముప్పాతికమంది అక్కడే చేయించుకునేవాళ్ళు కాబట్టి అన్నీ అనుకున్నా పెద్ద తప్పు లేదు. ఈ సంగతి ఆ రోజుల్లో పైకి చెప్పింది ఒకే ఒక్క మనిషి. ఆయన్ని మేం నవ్వి పంపించేశాం. నాకు తెలిసొచ్చేసరికి ముప్పై ఏళ్ళు దాటింది. అదీ ఒక డీజే కుర్రాడు మీట నొక్కడం మర్చిపోబట్టి.

కొట్టంటే ట్రంకు రోడ్డు మీద నుంచి లోపలికి పోయే సందులో పదడుగుల గది. మూడు గోడలకీ క్యాసెట్లు, నాలుగో వైపు చెక్క తలుపులు. లోపలికి అడుగు పెడితే స్పిరిట్ వాసన కొట్టేది. రోజూ పొద్దున్నే అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి డెక్కు హెడ్డు, అంటే టేపు రాసుకుంటూ పోయే ముక్క, తుడవడం నా పని. వేసవి సెలవుల్లో అదే నా ఉద్యోగం, జీతం సాయంత్రం ఒక గోలీసోడా. జనం తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసుకొచ్చేవాళ్ళు. జవహర్ భారతి కాలేజీ పిల్లలైతే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎవరూ చూడకుండా చిన్నాయన చేతిలో పెట్టేవాళ్ళు. ఆ క్యాసెట్టు ఎవరి ఇంటికి పోతుందో పాటల వరస చూస్తేనే తెలిసిపోయేది. ఖాళీ క్యాసెట్టు మీరు తెచ్చుకుంటే పాటకి రూపాయి.

చిన్నాయనకి చేతి గడియారం లేదు. సెకన్లు ఆయన తలలో తిరుగుతా ఉండేవి. అరవై నిమిషాల క్యాసెట్టంటే పక్కకి ముప్పై. చీటీని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఆరు పడతాయి, ఏడోది అవతలి పక్కకి పోద్ది" అనేవాడు. కాగితం మీద కూడిక వేసింది నేనెప్పుడూ చూళ్ళేదు. పక్క చివర పాట సగంలో తెగిపోవడమంటే ఆయనకి తల తీసేసినట్టు ఉండేది. వేరే కొట్లల్లో తెగిపోయేవి. మా దగ్గర తెగలేదు. ఊరంతా మా దగ్గరికి రావడానికి అదొక కారణం.

ఉండేది ఒక డబుల్ డెక్కు. ఎడమ దాంట్లో కంపెనీ క్యాసెట్టు, కుడి దాంట్లో ఖాళీది. 1991 ఎండాకాలంలో ఎడమ దాని మోటారు కాలిపోయింది. చిన్నాయన రైలెక్కి మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్ అంతా తిరిగి ఒక మోటారు తెచ్చాడు. మా వీధి రేడియో మెకానిక్కు దాన్ని బిగించాడు. ఆ మోటారుకి వెనక పిన్నీసు దూరేంత బెజ్జం ఉంటుంది. లోపల చిన్న స్క్రూ. దాన్ని అటూఇటూ తిప్పితే వేగం హెచ్చుతగ్గులవుతుంది. క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. అది కొలిచే పరికరాలు మా కొట్లో యాడుంటాయి? ఒక పాట పెట్టుకుని, ఇద్దరూ చెవులతో విని, "ఆ, చాల్లే" అన్నారు. అప్పటికి మధ్యాహ్నం మూడైంది. ఇద్దరూ భోంచెయ్యలేదు.

ఆ పూట నుంచి ఎడమ డెక్కు సెకనుకి ఐదు సెంటీమీటర్లు దాటి పరిగెత్తింది. కుడిది మామూలుగానే నడుస్తోంది. అంటే అందులో ఎక్కిన ప్రతి పాటా ఊళ్ళో ఏ టేప్‌రికార్డర్లో పెట్టినా కాస్త వేగంగా, కాస్త పైశ్రుతిలో పలికింది. పక్కన అసలుది పెట్టుకుని వింటే తప్ప తేడా తెలియదు. పెట్టుకుని వినేదెవరు?

విన్నాయన ఒకరున్నారు. పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించే మాస్టారు. మనవరాలి కోసం పాటలు చేయించుకుపోయి, రెండో రోజు క్యాసెట్టు పట్టుకుని మళ్ళీ వచ్చారు. హార్మోనియం వాళ్ళకి శ్రుతులంటే అంకెలు. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర. రెండు తెల్లమెట్టు, దాన్ని ఆనుకున్న నల్లమెట్టు రెండున్నర.

"ఏమయ్యా, ఈ పాట రేడియోలో రెండులో వస్తుంది. నీ దాంట్లో రెండున్నర పలుకుతుందేంది?"

"మీ రేడియో స్లోగా తిరుగుతున్నట్టుంది మాస్టారూ," అన్నాడు చిన్నాయన.

"రేడియో తిరగదయ్యా," అని ఆయన ఇంకేదో చెప్పబోయారు. కొట్లో ఉన్నవాళ్ళం పగలబడి నవ్వాం. ఆయన క్యాసెట్టు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నవ్వింది అందరికంటే నేనే ఎక్కువ.

ఆయన చెప్పింది ఏ పాట గురించో పేరు రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్లో పెట్టి నా లెక్కలు సరిచూస్తారు. బాలు, చిత్ర పాడిన డాన్సు పాట, 1990కి అటూఇటూ వచ్చింది. తెలుగు పాటకి అప్పుడు డిస్కో పూనకం పట్టి ఉంది. 1986లో ‘సింహాసనం’తో బప్పీ లహరి బొంబాయి నుంచి దిగాక, కింద దీపాలు వెలిగే గచ్చు మీద ఎగరని హీరో లేడు. మా పాట బప్పీది కాదు గానీ ఆ గాలి తగిలినదే. మొదట నలభై సెకన్లు వయొలిన్లు ఒక్కటే, దరువుండదు. ఆ తర్వాత డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి.

మా అక్క, పక్కింటి పిల్లలు ఇద్దరు, కాలేజీ వార్షికోత్సవానికి ఆ పాట మీదే ఎగిరారు. నెలరోజులు మా మిద్దె మీద ప్రాక్టీసు. టేప్‌రికార్డర్ మోసేది నేను, బ్యాటరీలు ఎండలో పెట్టి మళ్ళీ ఎక్కించేది నేను. పల్లవి అయిపోయి చరణంలోకి దిగేచోట డ్రమ్స్ వాయించినాయన కాస్త తొందరపడతాడు. నాలుగు దెబ్బల సేపు పాట ముందుకి తూలినట్టు ఉంటుంది. దానికి అక్క ‘పరిగెత్తేకాడ’ అని పేరు పెట్టింది. "ఒసే, పరిగెత్తేకాడ కుడికాలు ముందు!" అని అరుస్తా ఉండేది. ఆ ఏడాది వినాయక చవితి పందిట్లో, గొట్టం మైకుల్లో, తొమ్మిది రోజులూ అదే పాట. అదే క్యాసెట్టు. అదే రెండున్నర.

కొట్టు సంగతి అందరికీ తెలిసిన కథే. సీడీలొచ్చాయి, తర్వాత నూటయాభై పాటలు పట్టే ఎంపీత్రీ సీడీలొచ్చాయి. పక్కకి ఎన్ని పడతాయో లెక్క వేసే మనిషితో పని లేకుండా పోయింది. 2004లో కొట్టు మూసేశాడు. డెక్కు అటక ఎక్కింది.

నేను బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నా. రాత్రిళ్ళు ల్యాప్‌టాప్ మీద పాటలు కోసి కుట్టుకోవడం సరదా. దర్జీ పని లాంటిదే. 2020 సెప్టెంబరు 25న బాలు పోయారని తెలిసిన మధ్యాహ్నం, ఫోన్లో వెతికి ఈ పాటే పెట్టుకున్నా. నెల్లూరోళ్ళకి ఆయన సినిమా గాయకుడు కాదు, ఇంటి మనిషి. అంతకు ఏడునెలల ముందే నెల్లూరులోని తన ఇంటిని వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. పాట వింటుంటే గొంతు ఎందుకో బరువుగా, అలిసిపోయినట్టుగా వినిపించింది. ఏడుస్తూ వింటున్నా గదా, అందుకే అనుకున్నా.

పోయినేడాది మా అక్క కూతురి పెళ్ళి. ఇప్పుడు మా వైపు కూడా పెళ్ళికి ముందురోజు రాత్రి సంగీత్ పెడుతున్నారు. ఎవరు తెచ్చారో ఈ ఆచారం! సరే, పిల్ల ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ కాలేజీలో ఎగిరిన పాటంట గదా, దానికి మేమంతా ఎగరాలి. డీజే అన్న ఏమో ఆ పాట అట్టాగే ఇస్తే కలవదంటున్నాడు. నువ్వు సరిచేసి ఇయ్యి."

కలవదంటే ఏంటో ఆ నెల్లూరు కుర్రాణ్ణే అడిగా. "అంకుల్, ముందు పాట ఆగకుండా మీ పాట లోపలికి రావాలి. మొదట్లో ముప్పైరెండు దెబ్బలు ఉత్త బీటే ఉంటే కలుపుకుంటా. మీ దాంట్లో నలభై సెకన్లు వయొలిన్లున్నాయి. అంతసేపు జనం నిలబడరు, పోయి ఐస్‌క్రీం తింటారు." ఇంకొకటి కూడా చెప్పాడు. అతని పాటలన్నీ నిమిషానికి 125 దెబ్బల దగ్గర నడుస్తాయి, మాది 118. ‘అంకుల్’ అన్నందుకు కాస్త బాధపడ్డా గానీ చెప్పిన మాటల్లో తప్పేం లేదు.

ఆ కుర్రాడు మంచివాడని ఇక్కడే చెప్పాలి. మా వైపు చాలామంది డీజేలు ఏ పాటకైనా ఒకటే తీన్మార్ దరువు అతికించి, పాట నడుమ అరనిమిషానికోసారి తమ పేరూ ఊరూ అరిపిస్తారు. ఈ అరుపులు నాకు పడవు. బాలు తాళం తప్పకుండా పాడిన చరణం మధ్యలో నీ పేరెందుకయ్యా.

పని మొదలుపెట్టా. ముందు గొంతుల్ని వాయిద్యాల నుంచి విడదీయాలి. ఒకప్పుడు అది మహామహా స్టూడియోలకి కూడా అయ్యే పని కాదు. అన్నీ కలిపేసిన పాటంటే కలిపిన పిండి, మళ్ళీ నీళ్ళూ పిండీ విడదీయడం ఎట్టా? 2019లో డీజర్ అనే ఫ్రెంచి సంస్థ స్ప్లీటర్ అనే ప్రోగ్రాము ఉచితంగా వదిలాక మాలాంటివాళ్ళకి కూడా దారి దొరికింది. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి, నాలుగు కుప్పలు చేసిస్తుంది. పూర్తిగా శుభ్రంగా రావు. జల్లెడ పట్టిన పిండిలో పొట్టు మిగిలినట్టు, బాలు ఊపిరి తీసుకునే చోట తాళాల రజను వినిపిస్తుంది. వాటిని ఒక్కొక్కటే ఏరుకోవాలి. మొదటి చరణం ఏరడానికే రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రుల్లో, ఒక గొంతు మాత్రమే ఒంటరిగా వింటా కూర్చోవడంలో, నాకు తెలిసిందేంటంటే బాలు ఆ పాట పాడుతూ రెండుచోట్ల నవ్వుతున్నారు. వాయిద్యాల మధ్య అది వినపడదు.

ఆ తర్వాతి పని దరువు. ఆ రోజుల్లో పాట కలిపేటప్పుడు వినేవాడి ఇంట్లో ఉండేది అరచేయంత స్పీకరు అని తెలుసు కాబట్టి, బాగా లోతైన శబ్దాలు పెద్దగా ఉంచేవాళ్ళు కాదు. ఇప్పటి డీజే బాక్సుల్లో పద్దెనిమిది అంగుళాల స్పీకర్లుంటాయి. పాత పాట వాటిలో పెడితే పెద్ద బాన అడుగున గిద్దెడు పులుసు పోసినట్టు ఉంటుంది. అడుగున కొత్త దెబ్బ ఒకటి వేశా. వేస్తే పాత డ్రమ్ము, కొత్త దెబ్బ ఒకదాని మీద ఒకటి పడి మూతి పగిలినట్టు వినిపించింది. పాతదాని అడుగుభాగం కోసేసి, పైన చప్పట్లలాంటి చురుకు మాత్రం ఉంచా.

వయొలిన్లు పారేయ బుద్ధి కాలేదు. మొదట్లోంచి తీసి రెండో చరణానికి ముందు పెట్టా. ఎగిరి ఎగిరి ఉన్నవాళ్ళకి అక్కడ ఊపిరి ఆడాలి, దరువు లేని ఆ ముక్క సరిగ్గా అందుకు పనికొచ్చింది. మొదట ముప్పైరెండు దెబ్బలు ఉత్త బీటు. 125 వేగంలో అది పదిహేను సెకన్ల చిల్లర. చివర మళ్ళీ ముప్పైరెండు, దిగిపోవడానికి.

ఇక 118ని 125 చెయ్యడం. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో వేగం పెంచినా శ్రుతి మారకుండా పట్టి ఉంచొచ్చు. డీజేలు దాన్ని కీ లాక్ అంటారు. లాక్ వేశా. డ్రమ్స్ వాయించినాయన తొందరపడ్డ చోట్లన్నీ లాగి, తెర మీద సమాన దూరంలో ఉండే దరువు గీతల మీద కూర్చోబెట్టా. నూలు పట్టి కట్టిన గోడలా వచ్చింది. మా ఇంటి గ్రూపులో పెట్టా.

అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. "బానే ఉందిరా. బాలుకి జలుబు చేసినట్టుందేంది?"

అక్క ఇంకా దారుణం. "పరిగెత్తేకాడ పరిగెత్తట్లేదు. పాట కూడా ఎందుకో ముసలిదైపోయింది."

పరిగెత్తేకాడ సంగతి రెండు రోజులు ఆలోచిస్తే దొరికింది. డీజే కలిపేది మొదట్లోనూ చివర్లోనూ. గీత గీసినట్టు ఉండాల్సింది ఆ రెండుచోట్లే. నడుమ పాట ఎట్టా నడిచినా అతనికి నష్టం లేదు. అందుకని డ్రమ్స్ ఆయన్ని నా దెబ్బకి లాగడం మానేసి, నా దెబ్బనే ఆయన వెనక నడిపించా. ఆయన తొందరపడితే అదీ తొందరపడుతుంది. ఒక్కో దెబ్బా చేత్తో జరపాలి, పట్టు పని. గ్రూపులో మళ్ళీ పెడితే అక్క కాళ్ళు కదిలాయంట. కానీ జలుబు తగ్గలేదు. గొంతు పదును పెంచా, వయొలిన్లు తగ్గించా, ఏరిన పొట్టు మళ్ళీ ఏరా. రెండు వారాలు. "ఇంకా ఏదో తేడా," అమ్మ. "ముసలిదే," అక్క.

సంగీత్ రోజు మధ్యాహ్నం, కావలి బయట హైవే పక్క కల్యాణమండపం. కుర్రాడు బాక్సులు పేర్చుకుని సౌండు చూసుకుంటున్నాడు. అక్క ఓ మూల కుర్చీలో గోరింటాకు పెట్టించుకుంటోంది. డెబ్బై దాటిన చిన్నాయన ప్లాస్టిక్ కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. నా పెన్‌డ్రైవు ఇంకా బ్యాగులోనే ఉంది. కుర్రాడు తన దగ్గరున్న అసలు పాటనే, ఏ మార్పూ లేనిదాన్ని, స్పీకర్లు చూసుకోవడానికి పెట్టి వేగం 125కి జరిపాడు.

నేను వైర్లు దాటుకుంటూ వస్తున్నవాణ్ణి ఆగిపోయా. మిద్దె మీద ఎండ, బ్యాటరీల వేడి, అన్నీ ఒక్కసారిగా. అక్క తడి చేతులు గాల్లో పెట్టుకుని లేచి నిలబడింది. చిన్నాయన కళ్ళు తెరిచి, "అదీ పాట" అన్నాడు.

"సారీ అంకుల్, కీ లాక్ వెయ్యలా," అని కుర్రాడు మీట నొక్కాడు. వేగం అదే. పాట మాత్రం కిందికి జారింది, జలుబు చేసింది.

"ఏందబ్బా తగ్గించావ్?" అంది అక్క.

"లాక్ తియ్యి," అన్నా. తీశాడు. మళ్ళీ పైకి లేచింది. స్క్రీన్ మీద చూశా. 125.0. పక్కన వేగం తేడా, 5.9 శాతం.

ఇదేమీ కొత్త సంగతి కాదు. రికార్డుల మీద ఆడించిన పాత డీజేలందరికీ తెలుసు. టెక్నిక్స్ వాళ్ళ టర్న్‌టేబుల్‌కి పక్కన ఒక జారుడు మీట ఉంటుంది, ఎనిమిది శాతం పైకీ ఎనిమిది శాతం కిందికీ. వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది, రెండూ విడిపోవు. ఆరు శాతానికి ఒక్క వీసం తక్కువ పెంచితే సరిగ్గా అర శ్రుతి ఎక్కుతుంది. ఈ కుర్రాడికి తన పాటల పక్కన పట్టడానికి కావాల్సిన వేగం, మద్రాసు నుంచి వచ్చిన మోటారు ఆకలి మీద బిగించినందుకు పరిగెత్తిన వేగం, రెండూ ఒకటే అయ్యాయి. మేం ముప్పై ఏళ్ళుగా అసలు పాట అనుకున్నది చిన్నాయన పాట. మాకు తెలిసిన బాలు మిగతా ఆంధ్రదేశం బాలు కంటే ఓ నాలుగేళ్ళు చిన్నవాడు.

‘రేడియో తిరగదయ్యా’ అన్న మాస్టారు గుర్తొచ్చారు. ఆయన పోయి పదేళ్ళ పైనే అయింది.

ల్యాప్‌టాప్ తీసుకుని పెళ్ళివారి గదిలో ఒక మూల కూర్చున్నా. పక్కనెవరో పట్టుచీర మడతలు పెట్టుకుంటున్నారు, పిల్లలు మంచం మీద దూకుతున్నారు. నాలుగు కుప్పలకీ లాక్ తీసేసి, మళ్ళీ ఎక్కించేసరికి సాయంత్రం ఆరైంది. రాత్రి అమ్మాయి, స్నేహితురాళ్ళు, వాళ్ళ నడుమ అక్క. పరిగెత్తేకాడ కుడికాలే ముందు పడింది. యాభై దాటిన కాలు. డీజే కుర్రాడు మా పాటలోంచి ఇప్పటి పాటలోకి ఎప్పుడు దాటించాడో తెలియలేదు. అతుకు కనపడలేదంటే పని బాగున్నట్టే.

భోజనాలయ్యాక చిన్నాయన పక్కన కూర్చుని, మోటారు సంగతి, స్క్రూ సంగతి, అర శ్రుతి సంగతి అంతా చెప్పా. పెద్దాయన ఏమైనా చిన్నబుచ్చుకుంటాడేమోనని మెల్లగా చెప్పా.

"తెలుసురా," అన్నాడు.

"ఏంది తెలుసు?"

"మాస్టారు చెప్పి పోయినాడు గదా. ఆ రాత్రే ఇంట్లో రేడియో పక్కన పెట్టుకుని చూసినా. ఆయన చెప్పింది నిజమే. పొద్దున స్క్రూ తిప్పుదామనుకున్నా. పక్కకి రెండు నిమిషాలు కలిసొస్తా ఉందిరా. ఆరు పట్టేకాడ ఒక్కోసారి ఏడు పడుతున్నాయి. సరేలే అని గమ్మునున్నా."

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన కిళ్ళీ నోట్లో పెట్టుకుని, "ఇప్పుడు నువ్వు చేసింది ఎంతసేపు?" అని అడిగాడు.

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"పక్కకి ఏడు. యాభై సెకన్లు మిగులుద్ది."